సీల కాదు, పట్టా

అమరకోశం ద్వితీయకాండలో, క్షత్రియవర్గంలో రథాంగాల పేర్లు వస్తాయి. చక్రపు అంచు నేమి. నడిమి బొడ్డు నాభి. ఇరుసు కొసన దిగగొట్టే మేకు అణి. ఓరియంటల్ కళాశాలలో ఈ వర్గం వల్లెవేసిన రోజుల్లో నా సహాధ్యాయులకు అణి అన్నది ఒక పదం మాత్రమే. నాకది వస్తువు. జానెడు పొడవున, ఒక కొస కాస్త వంగి, కందెన మసితో నల్లబారిన ఇనుప మేకులు నాలుగైదు మా ఇంటి చూరులో ఎప్పుడూ చెక్కి ఉండేవి. మా నాయన వాటిని సీలలనేవాడు. గద్వాలకు దిగువన, కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న నడిగడ్డ పల్లెలో ఆయన వడ్రంగి. బళ్ళు చేసేవాడు.

కళాశాలలో నేనెవరి కొడుకునో చెప్పడానికి తటపటాయించేవాణ్ణని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గులేదు. మా సంస్థానానికి విద్వద్గద్వాల అని పేరు. ఆ పేరులోని విద్వత్తు నాకు కావలసి వచ్చింది గానీ బాడిశ అక్కరలేకపోయింది. సెలవులకు ఇంటికి వస్తే నాయన పిలిచేవాడు, పూటీ పట్టుకొమ్మని. పుస్తకం ఉందని చెప్పి అరుగు మీదికి పోయేవాణ్ణి. అయినా చెవులు మూసుకోలేం కదా. ఉలి దెబ్బ సరిగా పడినప్పుడు ఒక చప్పుడు, తప్పినప్పుడు ఒక చప్పుడు. ఊళ్ళోకి వచ్చే బండి ఏ చక్రం వదులైందో నాయన లోపల కూర్చునే చెప్పేవాడు. వినీ వినీ నాకూ కొంత పట్టుబడింది.

ఇదంతా చెప్పడానికి కారణం ఒక జీపు.

నాగర్‌కర్నూల్లో ఉండే మా అక్క కొడుక్కి పాత జీపొకటి ఉంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. పొలం పనులకు వాడతాడు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర వచ్చిందంటే బంధువులను ఎక్కించుకుని నల్లమల అడవికి పోతాడు. సలేశ్వరం చూడని మిత్రుల కోసం రెండు మాటలు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల, లోతైన లోయలో, జలపాతం పక్కన గుహలో లింగం. పూజారులు చెంచులు. జాతర రోజుల్లో తప్ప అక్కడికి జనాన్ని పోనివ్వరు. అచ్చంపేట, మన్ననూరు దాటి శ్రీశైలం రోడ్డు మీద ఫర్హాబాద్ వైపు పోయి, అక్కడి నుంచి అడవిబాట పట్టాలి. రాంపూర్ పెంట అనే చెంచుగూడెం వైపు వాహనాలు పోతాయి, తరువాత నడక. బాట అంటే బాట కాదు. బండరాళ్ళు, వేళ్ళు, ఎండిన వాగులు. ట్రాక్టర్లూ జీపులూ ఊగుకుంటూ పోతాయి.

2019 ఏప్రిల్. నేను పదవీ విరమణ చేసి ఎంతోకాలం కాలేదు. ఏడుగురు పట్టే బండిలో పదకొండు మందిమి ఎక్కాం. అక్క వెనుక బల్ల మీద, నేను ముందు. అడవిబాట మొదట్లో మా మేనల్లుడు ముందు చక్రాలకు కూడా బలం కలిపాడు. కాస్త దూరం పోయాక ఎదురుగా వచ్చిన ట్రాక్టరుకు దారి ఇవ్వడానికి వెనక్కి తీసి, మళ్ళీ ముందుకు కదిలించాడు. కదిలిన క్షణంలో కుడివైపు నుంచి "టక్" మని ఒకే ఒక్క చప్పుడు.

"ఏందిరా అది?" అన్నాను.

"రాయి తగిలింది మామా. ఈడ గట్లనే ఉంటది."

రాయి చప్పుడు నాకు తెలుసు. అది రాయి కాదు. రెండు ఇనుములు గట్టిగా కలిసి ఉండవలసిన చోట వెంట్రుకవాసి సందు ఏర్పడితే, తిరిగే దిక్కు మారినప్పుడల్లా అటు చివరి నుంచి ఇటు చివరికి వచ్చి కొట్టుకునే చప్పుడది. మరో అరగంటకు రెండోసారి వెనక్కి తీసినప్పుడు మళ్ళీ విన్నాను. ఈసారి అడగలేదు. తెలుగు పండితుడికి జీపు సంగతేం తెలుసునని నవ్వుతారేమోనన్న జంకు. పైగా బండి నిండా పిల్లలు పాటలు పాడుతున్నారు, దేవుడి దగ్గరికి పోతున్నాం. మౌనంగా కూర్చున్నాను.

ఒక వాగు దిగి అవతలి గట్టు ఎక్కుతున్నాం. నున్నని గుండ్రాళ్ళ గట్టు. సగం ఎక్కేసరికి పిడుగు పడ్డట్టు శబ్దం. ముందు చక్రాల పట్టు ఒక్కసారిగా పోయింది. వెనుక చక్రాలు రాళ్ళను వెనక్కి చిమ్ముతూ ఉన్నచోటనే తిరిగాయి. మావాడు బ్రేకు తొక్కాడు. బ్రేకు పట్టింది గానీ రాళ్ళు పట్టలేదు. బండి రాళ్ళతో సహా పదిపన్నెండు అడుగులు వెనక్కి జారి ఒక బండకు కొట్టుకుని, పక్కకు ఒరిగి ఆగింది. ఆ బండ లేకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ కొన్ని రాత్రులు లెక్క వేస్తుంటాను. పిల్లలకు గీరుళ్ళు. అక్క చెయ్యి కిందపెట్టి పడింది. మణికట్టు విరిగింది. వెనుక వచ్చిన వాళ్ళ జీపులో ఆమెను అచ్చంపేటకు చేర్చేసరికి చీకటి పడింది. దారి పొడుగునా ఆమె ఒక్క మాటే అంటూ వచ్చింది: "దర్శనం కాకపాయె తమ్మీ." చప్పుడు విన్నానన్న సంగతి నేను చెప్పలేదు. ఆ రోజే కాదు, చాలా నెలలు చెప్పలేదు.

బండిని మరునాడు ట్రాక్టరుతో లాగించారు. కుడి ముందు చక్రం విప్పితే సంగతి బయటపడింది. ఇక్కడ ఆ చక్రం కట్టుబాటు కాస్త వివరించాలి. ఈ రకం జీపుల ముందు ఇరుసు ఏర్పాటు రెండో ప్రపంచయుద్ధ కాలపు విల్లీస్ జీపు నుంచి వచ్చింది. ఎద్దుబండిలో ఇరుసు కదలదు, దాని మీద చక్రం తిరుగుతుంది. జీపు ముందు చక్రం కూడా నిజానికి అలాగే, కదలని ఒక గొట్టం మీద బేరింగుల సాయంతో తిరుగుతుంది. ఆ గొట్టం లోపలి నుంచి మరొక ఇరుసు తిరుగుతూ వచ్చి, కొసన ఒక ఇనుప బిళ్ళలోకి పళ్ళతో దూరి ఉంటుంది. ఆ బిళ్ళను డ్రైవ్ ఫ్లాంజి అంటారు. దాన్ని చక్రపు హబ్బుకు, అంటే అమరసింహుడి నాభికి, ఆరు బోల్టులతో బిగిస్తారు. ఇంజను బలమంతా చక్రానికి చేరేది ఆ ఆరింటి చోటనే. అవి తెగితే చక్రం ఊడి పడదు. కానీ దానికి బలం అందదు. అంతేకాదు, ముందు ఇరుసు మధ్యనున్న గేర్ల గుణం ఏమిటంటే, రెండు వైపులలో ఏది తేలికగా తిరిగితే దానివైపే తిప్పుడు పోతుంది. కుడివైపు తెగిందంటే ఎడమ చక్రానికీ ఏమీ దక్కదు. గట్టు మధ్యలో మేము పోగొట్టుకున్నది రెండు చక్రాలను.

ఆరు బోల్టులూ తెగి ఉన్నాయి. నేను ఆ ముక్కలను తువ్వాలలో కట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఎందుకని మావాడు అడగలేదు. తాళపత్రాలు చూసినట్టు భూతద్దం పెట్టి చూశాను. రెండింటి తెగిన ముఖం మెరుస్తూ గరుకుగా ఉంది. అవి ఆ రోజు తెగినవి. మూడింటిలో సగం దాకా నున్నగా, నీటి అలల్లాంటి గీతలతో నల్లబారి ఉంది. మిగతా సగమే కొత్త గరుకు. ఒకదాని ముఖమంతా తుప్పు. అది ఎన్నడో తెగి, మిగతా అయిదింటి మీద భారం వేసి, ఊరకే అందులో కూర్చుని ఉంది. తలల మీద ఏ అంకే లేదు. ఆరా తీస్తే తెలిసింది: ముందటి వేసవిలో బేరింగులకు గ్రీజు పెట్టించడానికి రోడ్డు పక్క షెడ్డులో విప్పించారట. పాతవి అరిగాయని అతను చేతికందిన బజారు బోల్టులు వేసి బిగించాడు.

షెడ్డువాళ్ళ సలహా ఏమిటంటే, బిళ్ళను హబ్బుకు వెల్డింగు పెట్టేద్దామని. "ఇగ జన్మల ఊడదు సార్" అన్నారు. నిజమే, ఊడదు. బేరింగుకు గ్రీజు పెట్టాలంటే మాత్రం గ్యాసుతో కోయాలి. సుమతీ శతకకారుడు కందెన లేనిదే బండి సాగదని హెచ్చరించాడు గానీ కందెనకు దారి మూసేసేవాళ్ళు ఉంటారని ఊహించినట్టు లేదు.

వనపర్తిలో నా పూర్వవిద్యార్థి ఒకడు లేతు మిషను నడుపుతాడు. వనపర్తి రాజావారి మహలులో 1959లో వెలసిన పాలిటెక్నిక్‌లో చదివాడు. నా దగ్గర ఎనిమిదో తరగతిలో ఉత్పలమాల గణాలు తప్పు చెప్పి గోడకుర్చీ వేసినవాడు. హబ్బునూ బిళ్ళనూ గోనెసంచిలో వేసుకుని బస్సెక్కాను. సంచి కాళ్ళ దగ్గర పెడితే కండక్టరు కాలితో తట్టి చూసి, "ఏముంది పెద్దాయనా, రోలా?" అన్నాడు. నాభి అన్నాను. సామాను టిక్కెట్టు కొట్టాడు.

లేతు దగ్గర కూర్చుని నేను నా పాండిత్యం వినిపించాను. అణి అన్నాను, సీల అన్నాను. దశరథుడి రథానికి సీల ఊడితే కైక వేలు పెట్టిన కథ కూడా చెప్పాను. (వాల్మీకంలో ఆమె మూర్ఛిల్లిన భర్తను రణభూమి నుంచి తప్పించి కాపాడిందనే ఉంది, వేలు సంగతి హరికథల్లో విన్నాను. మా నాయన ఆ కథను నమ్మేవాడు కాదు. "ఇరుసు సందుల వేలు పెడ్తే వేలుంటదా?" అనేవాడు.) కనుక మనకు కావలసింది ఇంకా లావైన, ఇంకా గట్టి సీల అన్నాను.

అతను ఓపికగా విని, "సీల కాదు సార్ ఇది" అన్నాడు.

సీల బలం మోయదు. చక్రం బయటికి జారకుండా అడ్డుకుంటుంది, అంతే. అందుకే వదులుగా ఉంటుంది. చేత్తో లాగితే రావాలి. ఈ బోల్టు పని వేరు. పని చేయవలసింది అసలు బోల్టు కాదు, బిళ్ళ ముఖానికీ హబ్బు ముఖానికీ మధ్యనున్న రాపిడి. బోల్టును బిగిస్తే అది కంటికి కనపడనంత సాగుతుంది. సాగినది మళ్ళీ కుంచించుకోవాలని చూస్తూ రెండు ముఖాలను ఒకదానికొకటి అదిమిపట్టి ఉంచుతుంది. ఆ అదుము ఉన్నంతకాలం చక్రం తిప్పుడు బలం రాపిడి ద్వారా పోతుంది, బోల్టుకు అడ్డంగా దెబ్బ తగలదు. అదుము సడలిన రోజున బోల్టు నిజంగానే సీల అయిపోతుంది. ముందుకు కదిలినప్పుడు ఒక దెబ్బ, వెనక్కి కదిలినప్పుడు ఒక దెబ్బ. బెజ్జం కోలగా సాగుతుంది, బోల్టు మెడ దగ్గర పగులు పుడుతుంది.

అతను చెబుతుండగా నాకు కళ్ళ ముందు మా ఇంటి వాకిలి కదిలింది. చక్రం చేయడంలో చివరి ఘట్టం పట్టా ఎక్కించడం. ఆరు పూటీలు, పన్నెండు ఆకులు, నడుమ నల్లతుమ్మ కుండ. అంతా కూర్చినా చక్రం ఇంకా కదులుతూనే ఉంటుంది. కమ్మరి ఇనుప పట్టాను చక్రం చుట్టుకొలత కంటే రవ్వంత తక్కువగా చేస్తాడు. వాకిట్లో పిడకల మంట వేసి దాన్ని ఎర్రగా కాలుస్తారు. నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రం మీదికి దించి, సమ్మెటలతో కొట్టి, బిందెలతో నీళ్ళు కుమ్మరిస్తారు. ఆవిరి, కర్ర కాలిన వాసన, ఆ వెంటనే ఒక మూలుగు. ఇనుము కుంచించుకుంటూ ప్రతి కీలునూ నొక్కుతుంటే కర్ర మూలిగే మూలుగు. ఆ తరువాత చక్రాన్ని ఎత్తి నేలకు కొడితే గంటలా ఒకే చప్పుడు. అంతకుముందు ఆరు చప్పుళ్ళు వచ్చేవి.

"అయితే ఇది పట్టా" అన్నాను.

అతనికి పట్టా ఎక్కించడం తెలియదు. వివరించాను. విని నవ్వి, "గదే సార్. బోల్టు అంటె చిన్న పట్టానే" అన్నాడు. పూటీకీ పూటీకీ మధ్య కర్ర మేకు ఉంటుందా అని అడిగాడు. ఉంటుంది, పూటీలు పక్కకు తప్పుకోకుండా. దీనికీ అవే పెడదామన్నాడు.

ఇక చేసిన పని. బిళ్ళకూ హబ్బుకూ మధ్య ఎవరో దళసరి కాగితపు గాస్కెట్టు పెట్టి ఉన్నారు. నూనె కారకుండా మంచిదే, కానీ బిగించిన తరువాత కాగితం నలిగి పలచబడితే అదుము సగం పోతుంది. దాన్ని తీసేసి, రెండు ముఖాలనూ చదును చేసి, గ్రీజు మరక లేకుండా తుడిచి, కాగితానికి బదులు పలచని గమ్ము పూశాడు. బోల్టులు మానేసి స్టడ్డులు వేశాడు. స్టడ్డుకు రెండు కొసలా మర ఉంటుంది, తల ఉండదు. ఒక కొసను హబ్బులోకి పూర్తిగా దింపి, మరలకు పట్టే జిగురుతో స్థిరపరిచి వదిలేస్తారు. తరువాత విప్పినా బిగించినా నట్టే తిరుగుతుంది. హబ్బులోని పాత మరలు అరగవు. స్టడ్డులు సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి తెప్పించాడు, 10.9 అంకె గలవి.

ఆ అంకె నాకు గణవిభజనలా నచ్చింది. చుక్కకు ముందున్న 10 అంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 1000 న్యూటన్ల లాగుడు దాకా తెగదని. చుక్క తరువాతి 9 అంటే అందులో తొమ్మిది పదోవంతుల దాకా సాగినా మళ్ళీ తన పొడవుకు తాను వస్తుందని. 8.8 అంటే 800, అందులో ఎనిమిది పదోవంతులు. మూడు అక్షరాల సూత్రంలో అంత అర్థం! పాణిని సంతోషించేవాడు.

తరువాత మేకులు. బిళ్ళనూ హబ్బునూ కలిపి బిగించి, రెండింటినీ ఒకేసారి తొలిచి, రీమరుతో నునుపు చేసి, ఎదురెదురుగా రెండు ఉక్కు డోవెల్ పిన్నులు దిగ్గొట్టాడు. వేలితో కదిపితే కదలవు. అదుము ఎప్పుడైనా సడలినా అడ్డదెబ్బ ముందు వీటికి తగులుతుంది, స్టడ్డులకు కాదు. విడివిడిగా తొలిస్తే బెజ్జాలు కలవవు. హబ్బు గోడ పలచగా ఉన్నచోట తొలిస్తే అక్కడే పగులుతుంది. ఈ రెండూ అతను రెండుసార్లు చెప్పాడు, ఇంటి దగ్గర మావాడు ఎడమ చక్రానికి సొంతంగా ప్రయత్నిస్తాడేమోనని. ఎడమ చక్రం కూడా అక్కడికే మోసుకెళ్ళాను. మాటల్లో మాట, పాత విల్లీస్ జీపులకు ఎడమవైపు చక్రాల నట్లు ఎడమ మరవట, తిరుగుడుకు విప్పుకోకుండా. తెలియనివాళ్ళు విప్పుతున్నామనుకుని బిగించి తెంపేసేవాళ్ళు. సైకిలు ఎడమ పెడలూ అంతే. అరవై ఏళ్ళు వచ్చేదాకా నాకది తెలియదు.

డబ్బు ఇవ్వబోతే సామానుకు మాత్రం తీసుకున్నాడు. వచ్చేటప్పుడు ఒక మాట అన్నాడు. "సార్, ఇప్పుడు ఇవి తెగవు. తెగకపోతే ఆ బలం లోపలికి పోతది. ఇగ తెగేది ఇరుసు కొసన ఉండే జాయింటు. అది బోల్టంత అగ్గువ కాదు. పదకొండు మందిని ఎక్కించవద్దని చెప్పండి." గట్టిదనం ఒక చోట పెంచితే బలహీనత ఇంకొక చోటికి జరుగుతుందే గానీ పోదట.

మావాడికి చెప్పాను. స్టడ్డుల సంగతి ఇష్టంగా విన్నాడు, పదకొండు మంది సంగతి వినలేదు. "జాతరకు చుట్టాలను ఇడిచిపెట్టి పోవాల్నా మామా?" అన్నాడు. అప్పుడు చెప్పాను, చప్పుడు సంగతి. అక్క కూడా అక్కడే ఉంది, కట్టు విప్పిన చేతితో చిక్కుడుకాయలు ఒలుస్తూ. మణికట్టు కొంచెం వంకరగానే అతికింది. రెండుసార్లు విన్నాననీ, రాయి కాదని తెలుసుననీ, అయినా నోరు మెదపలేదనీ చెప్పాను. మావాడు తల దించుకున్నాడు. అక్క మాత్రం చేతిలో పని ఆపకుండా, "నాయన ఉంటె బండి దిగి నడిచేటోడు" అంది. తిట్టు కాదు. అంతకంటే బరువుగా తగిలింది.

మరుసటి చైత్ర పౌర్ణమికి దేశమంతా లాక్‌డౌన్. జీపు కొట్టంలోనే ఉంది. నట్లు బిగించడానికి మావాడు టార్క్ రెంచి కొన్నాడు, ఎంత బలంతో బిగించాలో ముల్లు చూపించే పానా. కొత్తగా బిగించాక వంద కిలోమీటర్లకు ఒకసారి, అయిదు వందలకు ఒకసారి సరిచూడాలి. ప్రతి నట్టు మీది నుంచి బిళ్ళ మీదికి తెల్లరంగుతో ఒక గీత గీశాం. నట్టు తిరిగితే గీత విరుగుతుంది. పానా లేకుండానే కంటికి తెలుస్తుంది. గీతలు గీసింది నేనే. నల్లబల్ల మీద రాసిన చేయి కదా, వంకర పోలేదు. ఏడుగురికి మించి ఎక్కించనని అక్క ముందు మాట ఇచ్చాడు. ఇప్పటివరకు నిలబెట్టుకున్నాడు, ఒక పెళ్ళికి తప్ప.

అడవికి పోయే ముందు నేను చక్రాల దగ్గర గొంతు కూర్చుని చూడడం ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. మొన్న ఆదివారం కుడి చక్రం మూడో నట్టు మీద గీత వెంట్రుకంత తప్పుకుని కనిపించింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. తప్పుకుంది. పిల్లలు అప్పటికే ఎక్కి కూర్చున్నారు.

అందరినీ దిగమన్నాను. పానా తెమ్మన్నాను.